నర్సింగ్ స్కూలు దరఖాస్తు వెనుక ఉన్న చరిత్ర



ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన వెంటనే చాలా ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. అమ్మాయిని నర్సింగ్‌లో చేర్పించాలా? చేర్పిస్తే ఆసుపత్రికి అనుబంధంగా నడిచే స్కూలులోనా, కళాశాలలోనా? ఈ విషయమై సలహా కోరి వచ్చే తల్లిదండ్రులు సాధారణంగా ఫీజు గురించీ, హాస్టలు గురించీ, విదేశాల్లో ఉద్యోగావకాశాల గురించీ అడుగుతారు. అవన్నీ అడగవలసినవే. అయితే వాటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ ఆసుపత్రి తన స్కూలులో చేర్చుకొనే అమ్మాయిని విద్యార్థినిగా చూస్తోందా, లేక జీతం ఇవ్వనక్కరలేని పనిమనిషిగా చూస్తోందా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. ఆసుపత్రుల్లో నర్సింగ్ స్కూళ్లు పుట్టిన నాటి నుంచీ ఉన్నదే. ఆ స్కూళ్లకు దరఖాస్తు చేసుకున్న వారి చరిత్రను పరిశీలిస్తే, దరఖాస్తు ఫారంలో ఏమి అడిగేవారో, ఎవరిని తీసుకొనేవారో, ఎవరిని తిప్పి పంపేవారో తెలుస్తుంది. నేటి ఫారాన్ని పూరించే ముందు మనం ఏమి తెలుసుకోవాలో కూడా ఆ చరిత్రే చెబుతుంది. అందుకే ఈ వ్యాసం.

1860కి ముందు

పందొమ్మిదో శతాబ్దపు తొలి భాగంలో ఇంగ్లండులో నర్సు అనే మాటకు గౌరవం లేదు. ఛార్లెస్ డికెన్స్ 1843–44లో వెలువరించిన "మార్టిన్ చజిల్‌విట్" నవలలోని సేరీ గ్యాంప్ అనే తాగుబోతు నర్సు పాత్రను చూసి పాఠకులు నవ్వుకున్నారంటే, అటువంటి మనుషులు వారికి కొత్త కాదన్నమాట. మఠాల సన్యాసినులు సేవ చేసే చోట్లను మినహాయిస్తే, ఆసుపత్రి వార్డుల్లో పనిచేసేవారు ఎక్కువగా వేరే పని దొరకని పేద స్త్రీలు. వారికి పని నేర్పినవారు లేరు. వారిని తీసుకొనేటప్పుడు పరీక్ష లేదు, దరఖాస్తు లేదు.

జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో 1836లో థియోడోర్ ఫ్లీడ్నర్ అనే పాస్టరు ఒక చిన్న ఆసుపత్రిని పెట్టి, అందులో స్త్రీలకు రోగి సేవలో శిక్షణ ఇవ్వడం ప్రారంభించాడు. 1851లో ఫ్లారెన్స్ నైటింగేల్ అక్కడే కొన్ని నెలలు ఉండి పని నేర్చుకున్నారు. సంపన్న కుటుంబానికి చెందిన కూతురు ఆసుపత్రిలో పని నేర్చుకోవడం ఆమె ఇంట్లోవారికి ఎంతమాత్రం ఇష్టం లేదు. కూతురు నర్సింగ్‌లో చేరతానంటే కలవరపడే కుటుంబం మన దేశానికే ప్రత్యేకం కాదని దీనివల్ల తెలుస్తుంది.

లండన్‌లో పదిహేను మంది

క్రిమియా యుద్ధంలో నైటింగేల్ చేసిన సేవకు కృతజ్ఞతగా ప్రజలు చందాలు వేసి సుమారు 45,000 పౌండ్ల నిధిని సమకూర్చారు. ఆ నిధితో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో 1860లో నర్సుల శిక్షణ పాఠశాల మొదలైంది. తొలి తరగతిలో చేరినవారు 15 మంది. వారిని ప్రొబేషనర్లు అని పిలిచేవారు. ఆసుపత్రి మేట్రన్ సేరా వార్డ్‌రోపర్ వారికి పై అధికారి.

ఈ పాఠశాల ఆలోచన వైద్యులందరికీ నచ్చలేదని ఇక్కడ నేను దాచకుండా చెప్పాలి. ఆ ఆసుపత్రిలోనే సీనియరు శస్త్రవైద్యుడైన జాన్ ఫ్లింట్ సౌత్ నర్సులకు పెద్దగా చదువు అక్కరలేదని రాశాడు. వారి స్థానం ఇంటి పనిమనిషి స్థానం వంటిదేననీ, పట్టీలు వేయడం వంటి చిన్న చిన్న పనులు తెలిస్తే చాలుననీ ఆయన వాదన. నర్సు ఎంత తక్కువ తెలుసుకుంటే అంత మంచిదన్న భావన మా వృత్తిలో చాలాకాలం కొనసాగింది.

సెయింట్ థామస్‌లో చేరదలచిన స్త్రీకి సుమారు 25 నుంచి 35 ఏళ్ల మధ్య వయసు ఉండాలి. శీలవతి అని పెద్దలు రాసిచ్చిన పత్రం కావాలి. ఆరోగ్యం బాగుండాలి. ఎంపికైతే ఆసుపత్రిలోనే నివాసం, భోజనం, దుస్తులు, ఏడాదికి 10 పౌండ్ల భత్యం. శిక్షణ ఒక సంవత్సరం. అది పూర్తయ్యాక నిధి కమిటీ పంపిన ఆసుపత్రిలో మరికొన్నేళ్లు పనిచేస్తానని ఆమె ముందుగానే ఒప్పుకోవాలి.

చేరిన తరువాత ప్రతి నెలా ఆమె గురించి ఒక నమోదు పత్రం నింపేవారు. అందులో ఒక వైపు సమయపాలన, నెమ్మదితనం, విశ్వసనీయత, శుభ్రత వంటి గుణాలు. మరొక వైపు గాయాలకు కట్లు కట్టడం, జలగలు పట్టించడం, ఎనిమా ఇవ్వడం, పక్కలు పరచడం, రోగికి తగిన వంట, గదిలో గాలి వెలుతురు చూడడం, రోగిని గమనించడం వంటి పనులు. ఆ జాబితా చివరి అంశాన్ని గమనించండి. రోగిని కళ్లతో చూసి, మార్పును పసిగట్టి, చెప్పగలగడం ఒక విద్య అని, దాన్ని నేర్పవచ్చునని, నేర్చుకున్నదో లేదో లెక్కించవచ్చునని మొదటిసారి ఒక ఆసుపత్రి కాగితం మీద ఒప్పుకుంది. ఆ పాఠశాల చేసిన గొప్ప మేలు ఇదే.

అమెరికా ఫారంలోని ప్రశ్నలు

ఈ పద్ధతి అట్లాంటిక్ దాటి 1870లలో అమెరికా చేరింది. బోస్టన్‌లో మహిళా వైద్యులు నడిపే న్యూ ఇంగ్లండ్ హాస్పిటల్ ఫర్ వుమెన్ అండ్ చిల్డ్రన్ 1872లో నర్సుల శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ, న్యూ హేవెన్, బోస్టన్ నగరాల్లో నైటింగేల్ పద్ధతిని అనుసరించే మూడు స్కూళ్లు వచ్చాయి.

ఆ కాలపు ఫారాల్లో ఏమి అడిగేవారో చూడండి. అవివాహితవా, వితంతువా? వితంతువైతే పిల్లలెందరు, వారిని ఎవరు పోషిస్తున్నారు? ఎత్తెంత, బరువెంత? కంటి చూపు, వినికిడి బాగున్నాయా? ఇదివరకు ఎక్కడ పనిచేశావు? నీ గురించి చెప్పగల పెద్దలెవరు? వీటికి తోడు చర్చి పాస్టరు ఉత్తరం, వైద్యుని ధ్రువపత్రం జతపరచాలి. వివాహితలకు సాధారణంగా ప్రవేశం లేదు. ఎంపికైనా మొదటి నెల కేవలం పరిశీలన. ఆ నెలలో నచ్చకపోతే ఇంటికి పంపేవారు.

ఈ ప్రశ్నల్లో చదువుకు సంబంధించినవి ఎన్ని, కాయకష్టానికి సంబంధించినవి ఎన్ని అని లెక్కపెడితే అసలు విషయం బోధపడుతుంది. బరువులు ఎత్తగలదా, రాత్రంతా మేలుకోగలదా, చెప్పిన మాట వింటుందా, మధ్యలో పెళ్లి చేసుకొని వెళ్లిపోదు కదా అన్నవే ఆసుపత్రికి ముఖ్యం.

1872లో బోస్టన్ స్కూలులో మొదట పేరు నమోదు చేయించుకున్న విద్యార్థిని లిండా రిచర్డ్స్. 1873లో శిక్షణ ముగించుకొని అమెరికాలో తొలి శిక్షిత నర్సుగా ఆమె పేరు పొందారు. తన విద్యార్థి దశను ఆమె తరువాత వివరంగా రాశారు. ఉదయం అయిదున్నరకు లేవడం, రాత్రి తొమ్మిది గంటలకు వార్డు వదలడం. పడుకొనేది వార్డుల మధ్యనున్న చిన్న గదుల్లో. రాత్రి రోగి పిలిస్తే మళ్లీ లేవాలి. పాఠ్యపుస్తకాలు లేవు. ప్రవేశ పరీక్ష గాని, చివరి పరీక్ష గాని లేవు. వైద్యుల ఉపన్యాసాలు ఏడాది మొత్తానికి పన్నెండు.

ఆమె చెప్పిన మరొక సంగతి వైద్యుడిగా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. మందు సీసాల మీద పేర్లు ఉండేవి కావు, అంకెలు మాత్రమే ఉండేవి. తాను రోగికి ఇస్తున్న మందు ఏమిటో నర్సుకు తెలియకూడదని అంత జాగ్రత్త పడ్డారు. నేడు ప్రతి ఆసుపత్రిలోనూ మందు ఇచ్చే ముందు రోగి పేరు, మందు పేరు, మోతాదు, ఇచ్చే మార్గం, సమయం సరిచూసుకోవడం నర్సు ప్రాథమిక విధి. వైద్యుడు పొరపాటున రాసిన మోతాదును పట్టుకొనే చివరి మనిషి ఆమె. సీసా మీద అంకె మాత్రమే ఉంటే ఆ పొరపాటును ఎవరు పట్టుకుంటారు? నర్సుకు చదువు నిరాకరిస్తే నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు, మంచం మీదున్న రోగి కూడా.

ఆసుపత్రులు స్కూళ్లు ఎందుకు పెట్టాయి?

అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం 1880లో ఆ దేశంలో 15 నర్సింగ్ స్కూళ్లు ఉండేవి. 1900 నాటికి వాటి సంఖ్య 432కు చేరింది. ఇరవై ఏళ్లలో ఇంతటి పెరుగుదలకు విద్యాభిమానం ఒక్కటే కారణం కాదు. శిక్షణ పేరుతో చేరిన అమ్మాయిలు తిండికీ, నివాసానికీ, కొద్దిపాటి భత్యానికీ వార్డులన్నీ నడిపేవారు. శిక్షణ పూర్తయిన నర్సును జీతమిచ్చి పెట్టుకోవడం కన్నా మరో తరగతిని చేర్చుకోవడం ఆసుపత్రికి చవక. అందువల్ల డిప్లొమా చేతికొచ్చిన నర్సుల్లో ఎక్కువమంది ధనికుల ఇళ్లలో రోగుల వద్ద పనికి కుదిరేవారు. ఆసుపత్రి వార్డుల్లో మాత్రం ఎప్పుడూ నేర్చుకుంటున్నవారే ఉండేవారు.

ఇందులో రెండు పక్షాల అవసరాలూ ఉన్నాయన్నది మరవకూడదు. పల్లెటూరి అమ్మాయికీ, వితంతువుకూ కట్టవలసిన ఫీజు లేకుండా, ఉండడానికి చోటిచ్చి, జీవనాధారం కల్పించే చదువు ఆ రోజుల్లో దాదాపు మరొకటి లేదు. అందుకే అంత కష్టమని తెలిసినా దరఖాస్తులు కుప్పతెప్పలుగా వచ్చేవి. కష్టం వాస్తవం, దానివల్ల కలిగిన స్వాతంత్ర్యమూ వాస్తవమే.

తిప్పి పంపిన దరఖాస్తులు

ఫారంలో అడగకుండానే తీర్పు చెప్పే ప్రశ్న మరొకటి ఉండేది: చర్మం రంగు. బోస్టన్‌లోని ఆ మహిళల ఆసుపత్రిలోనే మేరీ ఎలైజా మహోనీ అనే నల్లజాతి యువతి ఏళ్ల తరబడి వంట, బట్టలు ఉతకడం, ఊడవడం వంటి పనులు చేశారు. ముప్పై దాటిన వయసులో, 1878లో, ఆమెకు అక్కడి నర్సింగ్ స్కూలులో ప్రవేశం దొరికింది. తనతో చేరినవారిలో చాలామంది మధ్యలోనే మానివేసినా ఆమె పదహారు నెలల శిక్షణ పూర్తిచేసి, 1879లో అమెరికాలో తొలి నల్లజాతి శిక్షిత నర్సుగా బయటికొచ్చారు. ఆ ఆసుపత్రి ఆ రోజుల్లో అరుదైన మినహాయింపు.

షికాగోలో ఎమ్మా రేనాల్డ్స్ అనే యువతికి అలాంటి మినహాయింపు దొరకలేదు. ఆమె నల్లజాతి స్త్రీ అయినందువల్ల నగరంలోని నర్సింగ్ స్కూళ్లు ఆమెను చేర్చుకోలేదు. పాస్టరుగా ఉన్న ఆమె అన్నదమ్ముడు డాక్టర్ డేనియల్ హేల్ విలియమ్స్‌ను కలిసి, ఎక్కడైనా ఆమెకు ప్రవేశం ఇప్పించమని కోరారు. విలియమ్స్ వేరే మార్గం ఎంచుకున్నారు. ఇంటింటా చందాలు పోగుచేసి, 1891లో ప్రావిడెంట్ హాస్పిటల్‌నూ, దానితోపాటు నర్సింగ్ స్కూలునూ స్థాపించారు. రోగుల విషయంలో గాని, సిబ్బంది విషయంలో గాని అక్కడ రంగు అడ్డు కాదు. తొలి విద్యార్థినుల్లో ఎమ్మా రేనాల్డ్స్ ఒకరు. ఆమె అక్కడితో ఆగక వైద్యవిద్య చదివి 1895లో డాక్టరయ్యారు. 1893లో ఛాతీలో కత్తిపోటు తగిలిన యువకునికి గుండె చుట్టూ ఉండే పొరను కుట్టి విలియమ్స్ ప్రాణం కాపాడింది కూడా ఆ ఆసుపత్రిలోనే. ఒక అమ్మాయి దరఖాస్తును తిరస్కరించడం వల్ల ఒక ఆసుపత్రి పుట్టిందన్నమాట.

విద్యార్థినా, పనిమనిషా?

ఈ వివాదంలో మార్పు తెచ్చినవారు ఎక్కువగా నర్సులే. జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి నర్సింగ్ స్కూలు తొలి తరగతిలో చదివి, తరువాత దానికే అధిపతి అయిన అడిలేడ్ నటింగ్ 1890లలో శిక్షణను మూడేళ్లకు పెంచి, రోజుకు ఎనిమిది గంటల పనిని లక్ష్యంగా పెట్టారు. విద్యార్థినులు వార్డుల్లో ఎన్ని గంటలు గడుపుతున్నారో లెక్కలు తీసి బయటపెట్టారు.

1923లో జోసెఫీన్ గోల్డ్‌మార్క్ తయారుచేసిన నివేదిక అమెరికాలోని నర్సింగ్ స్కూళ్లను పరిశీలించి అసలు లోపాన్ని చెప్పింది. వార్డులో పని పెరిగితే తరగతి ఆగిపోతుంది. ఆసుపత్రి అవసరానికీ విద్యార్థిని అవసరానికీ పోటీ వచ్చినప్పుడల్లా గెలిచేది ఆసుపత్రే. కాబట్టి స్కూలుకు సొంత నిధులు, సొంత అధికారం ఉండాలన్నది దాని సారాంశం. అదే ఏడాది యేల్ విశ్వవిద్యాలయంలో నర్సింగ్ స్కూలు స్వతంత్రంగా ఏర్పడింది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో నర్సుల కొరత తీవ్రమై, 1943లో అమెరికా ప్రభుత్వం క్యాడెట్ నర్స్ కోర్‌ను ప్రారంభించింది. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, నెలసరి భత్యం ప్రభుత్వమే ఇచ్చింది. జాతి వివక్ష చూపరాదని చట్టంలోనే రాశారు. దాని ద్వారా లక్షా ఇరవై వేలకు పైగా నర్సులు శిక్షణ పొందారు. యుద్ధం తరువాత నర్సింగ్ చదువు క్రమంగా కళాశాలలకు తరలింది. ఒకప్పుడు వేలల్లో ఉన్న ఆసుపత్రి స్కూళ్లు అక్కడ నేడు బహు కొద్ది.

మన ప్రాంతానికి వస్తే

మన దేశంలో ఆసుపత్రి స్కూళ్ల చరిత్ర మద్రాసుతో ముడిపడి ఉంది. అక్కడి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో 1871లో శిక్షణ మొదలైంది. ఆరు నెలల మంత్రసాని డిప్లొమా; తొలి విద్యార్థినులు నలుగురు. నాటి తెలుగు జిల్లాల్లో అధికభాగం మద్రాసు రాజధానిలోనివే కాబట్టి ఇది మన చరిత్ర కూడా.

ఆ తరువాతి దశాబ్దాల్లో మిషన్ ఆసుపత్రులు ఈ పనిని విస్తరించాయి. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. నేటికీ దానిని కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తారు. వేలూరులో ఐడా స్కడర్ 1909లో నర్సింగ్ స్కూలు ప్రారంభించారు.

ఈ స్కూళ్లకు అమ్మాయిలు దొరకడమే కష్టమయ్యేది. పరాయి మగవారిని తాకడం, మలమూత్రాలు ఎత్తడం, రాత్రుళ్లు ఇంటి బయట గడపడం, ఏ కులం వారికైనా సేవ చేయడం: ఈ నాలుగూ ఆనాటి హిందూ, ముస్లిం కుటుంబాలకు మింగుడుపడలేదు. అందువల్ల తొలి తరాల నర్సుల్లో ఎక్కువమంది క్రైస్తవులు, ఆంగ్లో ఇండియన్లు. అప్పట్లో సమాజం చిన్నచూపు చూసిన ఆ స్త్రీలే మన ఆసుపత్రులకు పునాది వేశారు.

1926లో మద్రాసు రాజధానిలో నర్సుల, మంత్రసానుల నమోదుకు చట్టం వచ్చింది. దేశంలో అటువంటి నమోదుకు ఇదే తొలి అడుగు. 1946లో భోర్ కమిటీ సమర్పించిన నివేదికలోని అంకెలు నేటికీ చదవదగినవి. దేశంలో సుమారు 47,500 మంది వైద్యులు ఉండగా నర్సులు సుమారు 7,000 మంది. అంటే 6,300 మందికి ఒక వైద్యుడు, 43,000 మందికి ఒక నర్సు. వైద్యునికీ నర్సుకూ మధ్య నిష్పత్తి తలకిందులుగా ఉండేది. అదే సంవత్సరం ఢిల్లీలోనూ వేలూరులోనూ బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. 1947 చివర ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చి, దేశమంతటికీ ఒకే ప్రమాణానికి దారి వేసింది. 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది.

ఇప్పుడు మీరు అడగవలసినవి

ఆసుపత్రి స్కూలు మంచిది కాదని నేను చెప్పడం లేదు. రోగి పక్కన నిలబడి నేర్చుకున్న విద్యకు సాటి లేదు. అసలు రోగులే లేని చోట పుస్తకాలతో నేర్చుకున్న నర్సింగ్ అంతకన్నా ప్రమాదకరం. ఈ చరిత్ర నేర్పేది ఒక్కటే: వార్డు తరగతి గదికి తోడుగా ఉండాలి గాని, తరగతి గదిని మింగివేయకూడదు. కాబట్టి దరఖాస్తు పంపే ముందు ఈ విషయాలు విచారించండి.

మొదటిది, ఆ స్కూలుకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా? బోర్డు మీద రాసింది చూసి నమ్మకండి. కౌన్సిల్ వద్దే సరిచూసుకోండి. గుర్తింపు లేని స్కూలు డిప్లొమాతో నర్సుగా నమోదు కావడం సాధ్యం కాదు.

రెండవది, స్కూలుకు సొంత ఆసుపత్రి ఉందా, అందులో పడకలు ఎన్ని, వాటిలో నిజంగా రోగులు ఉంటారా? ఒక సాయంత్రం వెళ్లి వార్డులు చూసిరండి. పడకలు ఖాళీగా ఉంటే నేర్చుకొనేది శూన్యం.

మూడవది, వార్డుల్లో జీతం తీసుకొనే స్టాఫ్ నర్సులు ఉన్నారా, లేక విద్యార్థినులే అన్ని షిఫ్టులూ నడుపుతున్నారా? రాత్రి డ్యూటీలో మొదటి సంవత్సరం అమ్మాయి ఒంటరిగా ఉంటే, అక్కడ 1872 ఇంకా ముగియలేదని అర్థం.

నాల్గవది, రోజుకు తరగతులు ఎన్ని గంటలు, డ్యూటీ ఎన్ని గంటలు? చివరి సంవత్సరం విద్యార్థినులతో, వీలైతే సూపర్‌వైజర్లు లేని సమయంలో, మాట్లాడండి. ప్రకటన పత్రంలో లేనివి వారు చెబుతారు.

అయిదవది, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ వద్దే ఉంచుకుంటామన్నా, చదువయ్యాక ఇన్నేళ్లు అక్కడే పనిచేయాలని సంతకం అడిగినా, సంతకానికి ముందే కారణం అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

ఇలా అడిగితే సీటు ఇవ్వరేమోనని భయపడే తల్లిదండ్రులు ఉన్నారు. మంచి స్కూలు ఈ ప్రశ్నలకు సంతోషంగా సమాధానం చెబుతుంది. విసుక్కొనే స్కూలు తన సమాధానం చెప్పేసినట్లే.

పాఠకుల్లో నర్సింగ్ చదవబోయే అమ్మాయిలు, అబ్బాయిలు ఉంటే వారికి ఒక మాట. మందు సీసా మీద పేరు చదివే హక్కు కోసం మీ ముందు తరాల స్త్రీలు చాలాకాలం పోరాడారు. ఆ హక్కును వాడుకోండి. ఇస్తున్న మందు పేరేమిటో, ఎందుకు ఇస్తున్నారో తెలియకపోతే వైద్యుణ్ణి అడగండి. విసుక్కున్నా అడగండి. మీరు అడిగిన ఒక్క ప్రశ్న వల్ల ఏదో ఒక రాత్రి ఒక రోగి బతకవచ్చు.